మన్నా పొడి

మే 26, ఆదివారం

ఈరోజు వాక్యం నిప్పులా వచ్చింది. మందిరం పైకప్పు రేకులు కూడా అదిరాయని మా ఆవిడే అంది. గాలికి అదిరాయేమో అని తరువాత నసిగింది గానీ, మనిషి మొదట అన్నదే లెక్క. నాకు ఏ బడీ వాక్యం నేర్పలేదు. పంపు మోటార్లు విప్పుతూ, గ్రీజు చేతులతో బైబిలు పేజీలు తిప్పుతూ నేర్చుకున్నాను. జనం నన్ను ‘ఉరుము’ అని పిలుచుకుంటారని తెలుసు. పిలుచుకోనీ. ఉరుము తనంతట తాను పుట్టదు, పైనుంచి వస్తుంది.

ప్రసంగం అయ్యాక పెద్దలు కూర్చున్నారు. విషయం మా కోడలి షెడ్డు.

మందిరం వెనుక రేకుల షెడ్డులో ఆ పిల్ల సీసాల్లో సూక్ష్మజీవుల్ని పెంచుతోంది. చిక్కుడుజాతి మొక్కల వేళ్ళకు బుడిపెలు ఉంటాయట, వాటిలో ఇవి కాపురం పెట్టి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పెడతాయట. మొక్కజొన్నకు ఆ భాగ్యం లేదు, దానికి బుడిపెలు రావు. కానీ దాని వేరును అంటిపెట్టుకుని బతికే మరో జాతి ఉంది. దాన్ని నల్లటి పొడిలో కలిపి గింజకు పట్టిస్తే, యూరియా పూర్తిగా మానలేకపోయినా సగానికి తగ్గించవచ్చంటుంది. వింటున్నంతసేపూ నాకు ఒళ్ళు పులకరించింది. గాలిలోంచి ఆహారం! అరణ్యంలో మన పితరుల కోసం ఆకాశంనుంచి కురిసిన మన్నా ఇంకేమిటి?

మిల్లు పెద్దకు మాత్రం ఒళ్ళు మండింది. పిండి మర ఆయనది, సంఘంలో పెద్ద గొంతూ ఆయనదే, నాది కాకపోతే.

“పిండికి పురుగు పడితే మేం పారబోస్తాం బోధకుడు గారూ. మీ కోడలు పనిగట్టుకుని పెంచుతానంటోంది. ఆ షెడ్డు ఇస్తే నా బస్తాలు తడవకుండా ఉంటాయి.”

“పిండి మర పెట్టుకుని పులిసిన పిండి సంగతి తెలియదా పెద్దాయనా? చిటికెడు పులుపు ముద్దంతటినీ పొంగిస్తుంది. అది కంటికి కనబడుతుందా?”

జనం నవ్వారు. నవ్వినప్పుడే దెబ్బ వేయాలి. లేచి నిలబడి నా మాట పూచీగా పెట్టాను. మందిరం వెనుక సంఘం భూమిలో కుటుంబానికొక పొలం చెక్క ఉంది కదా, ఈ మొక్కజొన్న పంటకు అందరూ కోడలి పొడి పట్టించాలి, యూరియా సగమే వేయాలి. పంట నిలిస్తే షెడ్డు ఆమెది. పడిపోతే మిల్లు బస్తాలది.

“నా చెక్కకు మాత్రం పూర్తి యూరియానే. ఏ పొడీ వద్దు,” అన్నాడు మిల్లు పెద్ద.

“వద్దంటే మానుకో. అవిశ్వాసికీ వాన పడుతుంది,” అన్నాను.

అందరూ ఒప్పుకున్నారు. కోడలి ముఖం చూసి కాదు, నా ముఖం చూసి. ఇది గర్వం కాదు, ఉన్నమాట.

జూన్ 4, మంగళవారం

సీసాల్ని ఆగకుండా ఊపుతూ ఉంటేనే లోపలివి బాగా పెరుగుతాయట. ఆ యంత్రం కొనే స్థోమత ఎవరికుంది? పాత లారీ అద్దాలు తుడిచే మోటారుకు చెక్కబల్ల బిగించి ఇచ్చాను. ఇప్పుడది ఉయ్యాలలా ఊగుతోంది, సీసాలన్నీ పసిపిల్లల్లా పడుకుని ఉన్నాయి.

“మామయ్యా, నేను చదువుకున్న చోట ఉన్నదానికంటే ఇదే చప్పుడు తక్కువ,” అంది కోడలు.

మావాడు లారీతో ఎక్కడో తిరుగుతుంటాడు. ఇల్లు చేరినప్పుడు ఈ బల్ల చూస్తే ఏమంటాడో. వాడికి సామాను కట్టడం వచ్చు గానీ, భార్యకు పనికొచ్చేది ఒక్కటి చేసిపెట్టడం రాదు. మామ చేశాడు.

జూన్ 8, శనివారం

రేపే విత్తనాల ప్రార్థన. విత్తడానికి ముందు ప్రతి కుటుంబం గింజలు తెచ్చి దేవుని ముందు పెట్టడం మన సంఘంలో నేను పెట్టిన పద్ధతే. నేను పెట్టకముందు ఊరికే విత్తేసేవాళ్ళు, పశువుల్లా.

కోడలు షెడ్డు గడప దగ్గర ఆపింది. “మామయ్యా, గింజలకు చక్కెర పాకం, పొడి పట్టించాక నీడలో ఆరబెట్టాలి. ఆరగానే విత్తేయాలి. మనం ముందు ప్రార్థన చేసుకుని, ఆ తరువాత పొడి కలుపుకుందామా?”

“పొడి లేని గింజను దీవించి ఏం లాభమమ్మా? దీవెన రెంటి మీదా పడాలి.”

“సరే. అయితే కొంచెం...”

“కొంచెం ఏమిటి?”

“కొంచెం త్వరగా ముగిస్తే బాగుంటుంది మామయ్యా.”

నవ్వొచ్చింది. చదువుకున్న పిల్ల, వినయం ఉన్న పిల్ల, కానీ దేవుని పనికి తొందర ఉండదని ఇంకా తెలియదు. తల మీద చేయి వేసి, దిగులుపడకు అన్నాను.

జూన్ 9, ఆదివారం

నా జీవితంలో ఇంతకంటే గొప్ప ప్రసంగం చెప్పలేదు. చెప్పబోనేమో కూడా.

మందిరం చాలదని బయట పందిరి వేయించాను. జనం పందిరి కింద, గింజలు మాత్రం ఎదురుగా పరిచిన టార్పాలిన్ పట్టా మీద, ఆకాశం కింద. కోడలు గింజల్ని పందిరిలోకి జరపబోతే నేనే వారించాను. దేవునికీ గింజకూ మధ్య గుడ్డ ఎందుకు? పాకంతో పొడి పట్టి ప్రతి గింజా నల్లపూసలా మెరుస్తోంది.

మన్నా అధ్యాయం తీశాను. ఐగుప్తు బానిసత్వం దగ్గర మొదలుపెట్టాను. ఎర్ర సముద్రం దాటించాను. జనం సణుగుడు చెప్పినప్పుడు మిల్లు పెద్ద వైపు చూశాను, ఆయన గడియారం వైపు చూశాడు. గాలిలోంచి కురిసిన ఆహారాన్నీ మా కోడలి పొడినీ కలిపినప్పుడు వెనుక వరుసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. సూర్యుడు కూడా పక్కకు తప్పుకోకుండా నడినెత్తిన నిలబడి విన్నాడు. నా చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది.

ఒక్క కంటకం. టైలరు. అందరూ ‘కత్తెర’ అంటారు, ప్రతి ఆదివారం నా ప్రసంగాన్ని సగంలో తెంపుకుని వెళ్ళిపోతాడు కాబట్టి. ఈరోజూ అంతే. మన్నా పడకముందే లేచాడు. పట్టా మీది తన గింజల్ని సంచిలోకి ఎత్తి చంకలో పెట్టుకుని మరీ పోయాడు, దీవెన పూర్తి కాకుండానే! ఆగి, వేలెత్తి చూపి, అందరి ముందూ అన్నాను: “చూడండి, ఏశావు కూటి కోసం జ్యేష్ఠత్వం అమ్ముకున్నాడు, ఇతను టీ కోసం దీవెన అమ్ముకుంటున్నాడు!” జనం గొల్లున నవ్వారు. వాడు తిరిగి చూసి నమస్కారం పెట్టి పోయాడు. సిగ్గు లేదు.

చివరి ఆమెన్ అయ్యేసరికి గింజలు గలగలలాడుతున్నాయి. చేతికి పొడి అంటనంతగా ఎండాయి. అందరూ తీసుకుపోయి విత్తుకున్నారు.

కోడలు ఒక గింజ అరచేతిలో వేసుకుని చాలాసేపు చూసింది. భక్తి.

జూన్ 10, సోమవారం

గొంతు పోయింది. సైగలతో బతుకుతున్నాను. మా ఆవిడ ఇంట్లో ఇంత ప్రశాంతత ఎన్నడూ లేదంటోంది.

జూన్ 18, మంగళవారం

మొలకలు! చెక్క చెక్కా ఒకేలా, గీత గీసినట్టు. ఇప్పుడు అందరూ దాన్ని మన్నా పొడి అంటున్నారు. ఆ పేరు నా నోటినుంచి వచ్చిందే.

జూలై 9, మంగళవారం

పొలం మీద సాయంత్రపు ఎండ పడి చేను కాస్త పసుపుగా కనిపిస్తోంది.

జూలై 11, గురువారం

పొద్దున్న చూశాను. పసుపు కాదు, లేతపచ్చ. లేతపచ్చ కూడా పచ్చే.

జూలై 12, శుక్రవారం

కింది ఆకులు కొసనుంచి లోపలికి, నడుమ ఈనె వెంబడి, బాణం గుర్తులా పసుపెక్కుతున్నాయి. అది ఆకలని కోడలు చెప్పింది. మొక్క పై ఆకును బతికించుకోవడానికి కింది ఆకును తినేసుకుంటుందట. తల్లి పస్తుండి బిడ్డకు పెట్టినట్టు.

భూమిలో ఏదో దోషం ఉండి ఉంటుంది. లేదా విశ్వాసంలో. నా చెక్క రోడ్డు పక్కనే ఉంది, వచ్చేపోయేవాళ్ళందరికీ కనిపిస్తుంది. అందరికంటే అదే ఎక్కువ పసుపు.

జూలై 14, ఆదివారం

మిల్లు పెద్ద ప్రసంగం అవ్వగానే అందర్నీ పొలానికి నడిపించాడు. గొర్రెలు నా వెనుక నడవాలి గానీ ఆయన వెనుక నడిచాయి.

ఆయన చెక్క నల్లపచ్చగా నిలబడి ఉంది. పూర్తి యూరియా. మిగతావన్నీ జబ్బుమనిషి ముఖాలు. నడిమధ్యన మరొక్క చెక్క, మిల్లు పెద్ద చెక్కతో పోటీపడుతూ కళకళలాడుతోంది. ఎవరిది?

కత్తెరది.

అప్పుడు వెనుకనుంచి ఒక ఆడగొంతు: “ప్రసంగం మొత్తం విన్నవాళ్ళ చేలు ఎండిపోయాయి, మధ్యలో లేచిపోయినవాడి చేను పండింది. వచ్చే ఆదివారం నుంచి నేనూ మధ్యలోనే లేస్తా.”

నవ్వులు. నేనూ నవ్వాను. వాన మంచివాళ్ళ మీదా చెడ్డవాళ్ళ మీదా పడుతుందని వాక్యం తీసి చెప్పాను. ఎవరూ తల ఊపలేదు.

కోడలు కత్తెర చెక్కలోకి దిగింది. వంగి మొక్క మొదలు చూసింది, మన చెక్కలోకి వచ్చి చూసింది, నా వైపు చూసింది, నేల వైపు చూసింది. ఆమెకు ఏదో అర్థమైంది. నాకు కనబడింది.

మిల్లు పెద్ద అడిగాడు, “ఏమ్మా, ఏం జరిగిందంటావు?”

“తప్పు నాదే పెద్దయ్యా,” అంది. “నేను గట్టిగా చెప్పాల్సింది.”

ఏం చెప్పాల్సిందో ఎవరూ అడగలేదు. తప్పు దొరికితే చాలు జనానికి. వచ్చే ఆదివారం షెడ్డు తాళం అప్పగించాలని తీర్మానం అయింది.

తప్పు ఒప్పుకునే ధైర్యం మా ఇంటి పిల్లకు ఉంది. గర్వంగా ఉంది. గర్వంగానే ఉంది.

జూలై 15, సోమవారం

నాకు తెలిసిపోయింది. కత్తెర దొంగచాటుగా యూరియా వేశాడు. మిల్లు పెద్ద చెక్క పక్కదే కదా, బస్తా అక్కడే ఉంటుంది. రేపు పట్టుకుంటాను. దొంగ దొరికితే కోడలి షెడ్డు దానంతట అదే నిలుస్తుంది.

జూలై 16, మంగళవారం

పొద్దున్నే కత్తెర కొట్టుకు వెళ్ళాను. కొట్టంటే గోడకు ఆనించిన కుట్టుమిషను, పైన రేకు. ప్యాంటు కాలు మిషను సూది కింద ఉంది.

“యూరియా ఎంత వేశావు?” అన్నాను, ముందూ వెనుకా లేకుండా.

“కూర్చో అన్నయ్యా.”

“కూర్చోవడానికి రాలేదు. మిల్లాయన బస్తాలోంచి తీశావా లేదా?”

మిషను ఆపాడు. “మిల్లాయన బస్తా మీద ఆయన కన్నుంటుంది. ఆ కన్ను తప్పించి ఈగ కూడా వాలదు. నేను తియ్యగలనా? మీ కోడలు చెప్పినట్టే వేశాను, సగం. కావాలంటే రండి, చూద్దురు గాని.”

ప్యాంటు వదిలేసి లేచాడు. ఇద్దరం పొలానికి నడిచాం. తన చెక్కలో ఒక మొక్క పట్టుకుని “పీకమంటారా?” అన్నాడు. మంచి మొక్క. పీకితే నష్టం వాడికి. నేను జవాబు చెప్పేలోపే పీకేశాడు. నా చెక్కలో ఒకటి నేను పీకాను. రెండూ గట్టు మీద పెట్టి మట్టి దులిపాం.

వాడి మొక్క వేరు గుబురుగా ఉంది, సన్నటి పీచుతో, దువ్వని జుట్టులా. మట్టి దాన్ని వదలనంటోంది. నాది నాలుగు దారాలు.

“ఒకే గింజ. ఒకే పొడి. ఒకే పట్టా మీద పెట్టాం,” అన్నాను. “నువ్వేం చేశావు?”

“ఏం చేస్తానన్నయ్యా? మీరు సముద్రం దాటిస్తుండగా లేచాను. టీ కొట్టుకే పోదామనుకున్నా, నిజం చెప్తున్నా. సంచి బరువుగా ఉంది, ముందు ఇది దించుకుందాం అని ఇటొచ్చి విత్తేశాను. పాకం ఇంకా తడిగా ఉండి వేళ్ళకు అంటుకుంది. చేతులు కడుక్కున్నాక టీ తాగాను.”

“తడిగా ఉందా?”

“జిగట జిగటగా. ఏం, తప్పా?”

వాడు నా ముఖం చూసి కంగారుపడ్డాడు. “దీవెన పూర్తి కాకుండా విత్తినందుకేగా మీ కోపం? పోనీ ఇప్పుడు దీవించండి అన్నయ్యా, చేను ఇక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు.”

జూలై 17, బుధవారం

మన్నా అధ్యాయం తీశాను. నాకు కంఠతా వచ్చిన అధ్యాయం, పుస్తకం తెరవకుండా చెప్పగలనని ఎన్నోసార్లు చెప్పుకున్న అధ్యాయం. వేలు పెట్టి, చిన్నపిల్లవాడిలా ఒక్కో మాటా చదివాను.

ప్రతి ఉదయం ఏరుకున్నారు. ఎండ ఎక్కగానే అది కరిగిపోయింది.

అక్కడే ఉంది. ఎప్పటినుంచీ అక్కడే ఉంది.

జూలై 18, గురువారం

ఒక మోటారు బాగుచేశాను. ఇంకేం లేదు.

జూలై 19, శుక్రవారం

కోడలు షెడ్డులో సీసాలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. ఊగే బల్ల ఆపేసింది. ఆ చప్పుడు లేకపోతే షెడ్డు ఖాళీ ఇల్లులా ఉంది.

“అవి ఎండకు చస్తాయా?” అన్నాను.

చేతిలో సీసా అలాగే పట్టుకుని నిలబడింది. “చస్తాయి మామయ్యా. అవి బతికి ఉన్నవి. వెలుతురు, వేడి తగిలితే, పూర్తిగా ఎండితే...”

“ఆరోజే తెలుసా నీకు?”

“గింజ చేతిలో వేసుకున్నప్పుడు అనుమానం వచ్చింది. మొన్న టైలరు గారి చెక్క చూశాక రూఢి అయింది.”

“నలుగురి ముందూ ఎందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పను? మా మామయ్య ఎక్కువసేపు మాట్లాడారనా?” నవ్వబోయి ఆపుకుంది. “అందరూ ఆ పొడి పట్టించింది నన్ను నమ్మి కాదు, మిమ్మల్ని నమ్మి. మీ మాట పడిపోతే పొడీ పడిపోతుంది. మీ మాట నిలిస్తే ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ మొదలుపెట్టొచ్చు. సీసాలు వంటింట్లోనైనా పెట్టుకుంటాను, అత్తయ్య ఒప్పుకుంటే.”

వెనుక గుమ్మంలో మా ఆవిడ ఉందని అప్పుడు చూశాను. “వంటింట్లో పెట్టుకోవే తల్లీ, నాకేం అభ్యంతరం? ఆయన గొంతుకంటే వాటి గోల తక్కువే.”

నాకు కోపం రావాలి. రాలేదు. నా ఇంట్లో ఇలాంటివాళ్ళు ఇద్దరున్నారని ఇన్నాళ్ళూ వేదిక మీదనుంచి ఒక్కసారైనా చెప్పానా? చెప్పలేదు. నా గురించి చెప్పడానికే ఆదివారం చాలలేదు.

జూలై 21, ఆదివారం

మందిరం నిండింది. ప్రసంగానికి కాదు, తాళం కోసం. మిల్లు పెద్ద ముందు వరుసలో చేయి చాపుకుని సిద్ధంగా ఉన్నాడు.

గ్రంథం తెరిచి మన్నా అధ్యాయంలో ఆ ఒక్క వాక్యం చదివాను. మళ్ళీ చదివాను. మూసి పక్కన పెట్టాను.

“విత్తనాల ప్రార్థన రోజు గింజలు ఎక్కడ పెట్టాం?” అని అడిగాను.

“ఎండలో,” అన్నారు ఎవరో.

“ఎవరు పెట్టమన్నారు?”

అందరూ పాటల పుస్తకాల్లోకి చూశారు. మర్యాదస్తులు.

“మా కోడలు నీడలో పెట్టమంది. ఆకాశం కింద పెట్టమన్నది నేను. ఆరోజు నేను ఎంతసేపు మాట్లాడాను?”

అందరూ కత్తెర వైపు చూశారు. వాడు బుద్ధిగా లేచి నిలబడ్డాడు. “నేను వెళ్ళి, విత్తనం వేసి, చేతులు కడుక్కుని, టీ తాగి, ఇంటికెళ్ళి స్నానం చేసి, తిరిగొచ్చేసరికి మీరు ఇంకా అరణ్యంలోనే ఉన్నారన్నయ్యా.”

మందిరం పగిలిపోయింది. అంత నవ్వు ఆ రేకుల కింద ఎప్పుడూ వినలేదు. ఈసారి అదిరింది గాలికి కాదు, నేను సాక్ష్యం. నవ్వి నవ్వి జనం నిమ్మళించారు, నిమ్మళించాక ఆలోచించారు. ఒక్కొక్కరి ముఖంలో అది వెలగడం నాకు కనిపించింది. లేచి వెళ్ళిన ఒక్కడి గింజ బతికింది. కూర్చున్నవాళ్ళ గింజ వాళ్ళ కళ్ళముందే చచ్చింది. పొడిలో లోపం లేదు.

“పొడి మంచిది. బోధకుడే ఎక్కువ కాశాడు,” అన్నాను. “తాళం ఇమ్మంటే ఇస్తాను. కానీ ఎవరి తప్పుకు ఎవరు షెడ్డు వదులుతున్నారో తెలిసే ఇవ్వాలి కదా.”

మిల్లు పెద్ద చాపిన చేయి మోకాలి మీదికి తెచ్చుకున్నాడు. గడ్డం గోక్కున్నాడు. “కత్తెర చెక్కలో యూరియా నిజంగా సగమేనా?”

“నా కుట్టుమిషను మీద ఒట్టు.”

“అయితే ఇంకొక్క పంట చూద్దాం,” అన్నాడు. “బస్తాలు ఈ ఏడాదీ తడుస్తాయి, తడవనీ.” తరువాత కోడలి వైపు తిరిగి, గొంతు తగ్గించి, “ఇప్పుడున్న చేను సంగతేంటమ్మా?” అని అడిగాడు. మిగిలిన సగం యూరియా ఇప్పుడు వేస్తే కోలుకుంటుంది, మొదట్లో పడ్డ దెబ్బ మాత్రం పూర్తిగా మానదు అంది. ఉన్నదున్నట్టు చెప్పింది. మా ఇంట్లో ఒకరికైనా ఉన్నంతే చెప్పడం వచ్చు.

ఆ తరువాత ప్రసంగం లేదు. ఇంటికి వచ్చాక మా ఆవిడ నుదుటి మీద చేయి వేసి జ్వరమేమో చూసింది.

అక్టోబర్ 6, ఆదివారం

రెండో పంట విత్తనాల ప్రార్థన.

పద్ధతి మార్చాను. గింజలు మందిరం లోపల, చల్లటి గచ్చు మీద, కిటికీలకు దుప్పట్లు కట్టి. జనం బయట ఎండలో. “ఎండకు చచ్చేది మీరు కాదు, నిలబడండి,” అన్నాను. పందిరి వేయించలేదు. పందిరి ఉంటే నాకు మాటలు పెరుగుతాయి.

పాకం ఇంకా జిగటగా ఉండగానే కోడలు లోపలినుంచి తల ఊపింది. నేను మెట్టు మీద నిలబడ్డాను. కడుపులో ఆదినుంచి అంతం వరకు అంతా ఉంది. ఆదాము ఉన్నాడు, జలప్రళయం ఉంది, విత్తువాని ఉపమానం నాలుక చివర గంతులేస్తోంది. దేవుడు నాకు అంత బలం ఇంకెప్పుడూ ఇవ్వలేదు. మింగాను.

“ప్రభువా, ఇవి బతికి ఉన్నాయి. బతికి ఉండగానే నీ చేతికిస్తున్నాం. ఆమెన్. ఇక పదండి.”

ఎవరూ కదల్లేదు. ఇంకా మొదలుకాలేదనుకున్నారు. ముందు వరుసలో ముసలావిడ పాటల పుస్తకం తెరిచి పేజీ వెతుకుతోంది. మిల్లు పెద్ద గడియారాన్ని చెవికి ఆనించుకుని ఆగిపోయిందేమో అని విన్నాడు. ఈసారి ఆయన సంచి కూడా లోపల గచ్చు మీద ఉంది. చూశాను, అంతే.

అప్పుడు వెనుకనుంచి కత్తెర గొంతు, నిజంగానే బాధగా: “ఇదేం అన్యాయం అన్నయ్యా! ఇంకా లేవనేలేదు నేను.”

అందరూ సంచులతో పొలానికి పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. విత్తుతుంటే పొడి వేళ్ళకు అంటుకుంది. కడుక్కోలేదు.

నవంబర్ 10, ఆదివారం

పొద్దున్నే గట్టు మీద కోడలితో నడిచాను. కింది ఆకులు కొసల దాకా పచ్చగా ఉన్నాయి. మిల్లు పెద్ద చెక్క, నా చెక్క, కత్తెర చెక్క, ఏది ఎవరిదో గట్టు చూస్తేగానీ తెలియదు. యూరియా అందరిదీ సగమే. ఒక మొక్క పీకి వేరు చూద్దామా అన్నాను. వద్దు మామయ్యా, పాపం, పనిలో ఉన్నాయి అంది.

పెద్దల దగ్గర ఉండే షెడ్డు రెండో తాళం చెవిని కూడా నిన్ననే మిల్లు పెద్ద స్వయంగా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడట. పక్క సంఘంవాళ్ళు కూడా పొడి కావాలని కబురు పంపారు. పొడితోపాటు, విత్తనాల రోజు ప్రార్థన చెప్పడానికి నన్నూ పంపమన్నారు. “మీ బోధకుడు గారు చాలా తొందరగా ముగిస్తారట కదా,” అన్నారట.

ఊగే బల్ల మళ్ళీ ఊగుతోంది. ఇది రాస్తుంటే వినిపిస్తోంది.

ఈ చుట్టుపక్కల అంత చిన్న ప్రార్థన చెప్పగలిగిన బోధకుడు ఇంకొకడు లేడు. ఇది గర్వం కాదు, ఉన్నమాట.